గోత్రం తెలియనివారికి ఒక వరుస

సి భాషలో స్విచ్ అనేదాన్ని నేను కర్నూలులో కొన్నేళ్ళు పాఠంగా చెప్పాను. చెప్పగా చెప్పగా దాని మీద నాకు గౌరవం ఏమీ మిగల్లేదు. దాన్ని నాచేత చెప్పించినవాళ్ళ మీద మొదటి నుంచీ లేదు.

మా కంప్యూటర్ సెంటరు ఒక చెప్పుల దుకాణం పైన ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వీధికొకటి పుట్టిన సెంటర్లలో అదీ ఒకటి. ఓనరు అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన మనిషి. టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు కొన్నాడు. బుర్ర మాత్రం పాతదే ఉంచుకున్నాడు. ప్రోగ్రాం అంటే ఆయన దృష్టిలో తప్పు లేకుండా టైపు కొట్టే ఒక పేజీ. పిల్లలు ఆ పేజీని బట్టీపట్టి, పరీక్షలో దించి, సర్టిఫికెట్టు తీసుకుని మెట్లు దిగిపోయేవాళ్ళు. అందులో ఏముందని అడిగితే మొహాలు చూసుకునేవాళ్ళు.

ప్రోగ్రాంలో దారి చీలే చోట్లు ఉంటాయి. ఇఫ్ అని రాస్తే, ఇదైతే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి అని అర్థం. చాలా దారులుంటే స్విచ్ రాస్తారు. ఒక నంబరు ఇస్తే యంత్రం ఆ నంబరు కేసు దగ్గరికి పోయి అక్కడున్న పని చేస్తుంది. పని అయ్యాక ఆగమని చెప్పడానికి ప్రతి కేసు చివరా బ్రేక్ అనే మాట రాయాలి. రాయకపోతే అది ఆగదు. కింది కేసులో ఉన్న పని కూడా చేసుకుంటూ పోతుంది, అడిగినా అడక్కపోయినా. ఇంత తెలివితక్కువ ఏర్పాటును తెలివైనవాళ్ళు ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నిటికన్నా కింద డిఫాల్ట్ అని ఒక వరుస ఉంటుంది. పై కేసుల్లో దేనికీ చెందనివాళ్ళు అక్కడికి వస్తారు. అది రాయడం తప్పనిసరి కాదు. రాయకపోతే దేనికీ చెందనివాళ్ళు ఎక్కడికీ పోరు, వాళ్ళకు ఏమీ జరగదు.

నేను పాఠం ఆ చివరి వరుస నుంచే మొదలుపెట్టేదాన్ని. దానికి కారణం మా నాన్న. మాది బెల్లం, బియ్యం అమ్మే ఇల్లు. కొట్టు మీది గదిలో మా నాన్న భజన సమాజం నడిపేవాడు. ఏకాదశి ఏకాదశికి పురాణం చదివి అర్థం చెప్పేవాడు. నాకు అక్షరాలు వచ్చింది ఆ గదిలోనే. మహాలయ పక్షంలో ఆయన తర్పణాలు వదిలేటప్పుడు తాతల పేర్లు, ముత్తాతల పేర్లు, మేనమామల పేర్లు అన్నీ అయ్యాక, చివర ఒకసారి పేరు చెప్పకుండా నీళ్ళు వదిలేవాడు. అవి ఎవరికని అడిగితే, వదిలేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళకు అన్నాడు. శాస్త్రం రాసినవాళ్ళు ఆ వరుసను మరిచిపోలేదు. గోత్రం తెలియనివాళ్ళు ఎవరైనా వస్తే కాశ్యప గోత్రమని చెప్పి పూజ చేయమన్నారు. ప్రాణులన్నీ కశ్యపుడి నుంచే వచ్చాయి కాబట్టి. నేను క్లాసులో ఈ రెండూ చెప్పి, తర్వాత బోర్డు మీద డిఫాల్ట్ అని రాసేదాన్ని.

ఓనరు తలుపు దగ్గర నిలబడి వినేవాడు. "హరికథ అయిపోయినాక ప్రోగ్రాం గూడా కాస్త చెప్పమ్మా" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఫీజు కట్టినవాళ్ళు కదా, నవ్వే హక్కు ఉంది.

మా పేటలో వర్తకుల ట్రస్టు కింద ఒక శివాలయం ఉంది. దానికి ప్రెసిడెంటు ఒక వేరుశనగ నూనె మిల్లు యజమాని. మా నాన్న ఎరిగినవాడే, నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. గుడి మీద ఆయనకు భక్తి ఉందో లేదో దేవుడికి తెలియాలి. ట్యూబులైట్ల మీద, ఫ్యాన్ల రెక్కల మీద, చివరికి చెప్పులు పెట్టుకునే బల్ల మీద కూడా ఆయన పేరు ఉంది. కార్తీక సోమవారాల్లో సామూహిక అభిషేకానికి జనం ఎక్కువైపోయి, చేత్తో రాసిన చీటీలు పూజారికి అర్థం కావడం లేదని, ఆ యేడు కంప్యూటరు పెట్టించాలనుకున్నాడు. గుమాస్తా పేరు కొట్టి, గోత్రం నంబరు కొడితే, టికెట్టు మీద రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో పడాలి. పూజారి దాన్ని చూసి చదవాలి. అంతే పని. మా ఓనరు దాన్ని ఉపగ్రహం పంపినంత హంగామాతో ఒప్పుకున్నాడు.

ప్రోగ్రాం రాసే పని నాకు ఇవ్వలేదు. ఓనరు తనే రాశాడు. పూజారి చెప్పిన గోత్రాలన్నీ కేసులుగా పెట్టి, ప్రెసిడెంటును పిలిచి చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. ఆయన గోత్రమే లేదు.

"ఏమప్పా, నా గుళ్ళో నా గోత్రం యాడ?"

ఓనరు చెమటలు తుడుచుకుంటూ అన్నిటికన్నా కింద ఆ గోత్రాన్ని చేర్చాడు. దాని కింద ఇంకేమీ లేదు కాబట్టి బ్రేక్ రాయలేదు. చివరి కేసుకు అది అక్కర్లేదని ఆయన అభిప్రాయం. నేను పక్క గదిలో క్లాసు ముగించి అప్పుడే వచ్చాను. కోడ్ నాకు చూపించలేదు, టికెట్టు నమూనా మాత్రం చూపించాడు. గోత్రం తెలియనివాళ్ళు వస్తే ఏమవుతుందని అడిగాను.

"టికెట్టు రాదు" అన్నాడు ఓనరు, అదొక సౌకర్యమైనట్టు.

"కాశ్యపం పడేటట్టు పెట్టల్ల" అన్నాను. "డిఫాల్ట్‌లో."

ప్రెసిడెంటు నవ్వాడు. "గోత్రం తెలీనోళ్ళు మన గుళ్ళోకి వచ్చి ఏం చేస్తారు పాపా? బయట నంది ఉండాది కదా, దాని చెవులో చెప్పుకోని పోతారు."

నాకు శాస్త్రం చెప్పాలనిపించింది. చెప్పి లాభం లేదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. అందుకని వేరే అడిగాను.

"పై ఆఫీసరు ఎవరన్నా వస్తే, చిన్నాయనా? ఆయనకు గోత్రం తెల్వకపోతే, టికెట్టు లేదు పొమ్మంటామా?"

ఆయన నవ్వు అక్కడే ఆగింది. ఓనరు వైపు తిరిగి "ఆ పాప చెప్పింది పెట్టప్పా" అన్నాడు. శాస్త్రమంతా కలిసి చేయలేని పనిని ఒక ఆఫీసరు, అదీ రాని ఆఫీసరు, చేశాడు. ఓనరు ఆయన ముందే ఆ చివరి కేసు కింద డిఫాల్ట్ రాసి కాశ్యపం పెట్టాడు. పైనున్న కేసుకు ఇప్పుడు బ్రేక్ కావాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. పరీక్షగా ఒకటో నంబరు కొట్టి చూశాడు. ఒకటో గోత్రం పడింది. బాగుందని కాఫీ తెప్పించాడు.

కార్తీకంలో మొదటి సోమవారం పొద్దున్నే గుడికి పోయాను. గుమాస్తా కిటికీ దగ్గర నా ముందు ఒకావిడ నిలబడి ఉంది. కోడుమూరు అవతల పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో కొబ్బరికాయ, మొగుడి టవల్లో కట్టిన మూట.

"పేరు?" అన్నాడు గుమాస్తా.

ఆమె కొడుకు పేరు చెప్పింది.

"గోత్రం?"

"అంటే ఏందప్పా?"

"గోత్రమమ్మా. మీ పెద్దోళ్ళు చెప్పలేదా?"

"మా పెద్దోళ్ళు చేనుకు పొమ్మని చెప్పినారు, కూలికి పొమ్మని చెప్పినారు. ఇది చెప్పల్యా."

ఎవరో వెనక నుంచి నవ్వారు. ఆమె నవ్విన వైపు తిరిగి చూసి, "తెలిసినోళ్ళు చెప్పండి, నేర్చుకుంటా" అంది. నవ్వు ఆగింది.

గోత్రం తెలియదని కొట్టమని నేను గుమాస్తాకు చెప్పాను. అతను ఏ గోత్రానికీ ఇవ్వని సున్నా కొట్టాడు. కాశ్యపం అని పడింది. టికెట్టు చేతిలోకి తీసుకుని ఆమె నన్ను అడిగింది, ఇందులో వాడి పేరు ఉందా అని. ఉందని చూపించాను. అక్షరాలు రాకపోయినా ఆ చోటు మీద వేలు పెట్టి ఉంచుకుంది.

లోపల కూర్చున్నాక చెప్పింది. కొడుకు మంగంపేటలో ముగ్గురాయి గనిలో పని చేస్తాడు. రాయి దొర్లి కాలి మీద పడింది. కడప ఆసుపత్రిలో ఉన్నాడు. మర్నాడు ఆపరేషను. కాలు నిలబెడతారో తీసేస్తారో కోసి చూస్తేగానీ తెలియదన్నారు. ఈ గుళ్ళో కార్తీక సోమవారం వాడి పేరున అభిషేకం చేయిస్తానని వాడు పుట్టినప్పుడు మొక్కుకుందట, ఇన్నేళ్ళూ వీలు పడలేదట.

"అందుకే అయ్యిందేమోనమ్మా?"

"దేవుడు అప్పులోడు కాదమ్మా, బాకీకి కాలు పట్టుకునేదానికి" అన్నాను. అది నా సొంత మాట కాదు, మా నాన్న ఎప్పుడూ చెప్పేది. కానీ నేను నమ్మిన మాటే.

"పేరు చెప్పినాక ఏం చెప్తారు?"

"అందరి గోత్రాలు, పేర్లు చెప్తారు. ఆఖర్న అందరికీ కలిపి ఒకేసారి క్షేమం, ఆయుస్సు, ఆరోగ్యం కావాలని చెప్తారు."

"ఆరోగ్యం అన్నప్పుడు నాకు చెప్పు. అప్పుడు మొక్కుకుంటా."

పూజారి సంకల్పం మొదలుపెట్టాడు. టికెట్లను గోత్రాల వారీగా సర్దుకున్నాడు. ఒక గోత్రంవాళ్ళందరినీ ఒకే ఊపిరిలో చదవడం అలవాటు. వర్తకుల గోత్రాలన్నీ అయ్యాయి. వాళ్ళవాళ్ళ పేర్లు వచ్చినప్పుడు ఒక్కొక్కరూ కాస్త నిటారుగా కూర్చున్నారు. చివరికి కాశ్యపం వచ్చింది. పూజారి గోత్రం చెప్పి, నూనె మిల్లు ప్రెసిడెంటు పేరు చెప్పి, అదే ఊపిరిలో గనిలో కాలు నలిగినవాడి పేరు చెప్పాడు.

ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు.

"ఆపు సామీ. ఎవురి గోత్రం ఎవురికి అంటిస్తాండావు?"

పూజారి టికెట్టు ఎత్తి చూపించాడు. ఆయన గోత్రం నంబరుకు యంత్రం ముందు ఆయన గోత్రమే రాసింది. ఆగమని చెప్పేవాళ్ళు లేక కిందికి జారి, దాని మీద కాశ్యపం రాసింది. టికెట్టు మీద చివర రాసిందే పడుతుంది. ఆయన తన టికెట్టు చూసుకోలేదు. తన పేరున్న గుళ్ళో తన టికెట్టు చూసుకునే అవసరం ఏ ప్రెసిడెంటుకు ఉంటుంది?

"నువ్వు ఇన్నేండ్లు నా చేతుల మీద బతుకుతాండావు, నా గోత్రం నీకు తెల్వదా?"

"టికెట్టు మీద ఏముంటే అదే చదవమన్నారు కదా మీరు" అన్నాడు పూజారి, నేల వైపు చూస్తూ.

మా ఓనరు ముందు వరుసలోనే, పట్టు పంచెలో ఉన్నాడు. జనం అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన లేచి దగ్గాడు.

"వైరస్ వచ్చినట్టుండాది సార్. కొత్త మిషన్లలో వస్తాంటాది."

నేను ఉన్నచోటి నుంచే చెప్పాను. "వైరస్ కాదు. ఒక మాట రాయలేదు. బ్రేక్ అని. పోయి రాస్తే సరిపోతాది."

"ఆడపిల్లలు గుళ్ళో లెక్చర్లు ఇస్తాండారే" అన్నాడు ఓనరు, ప్రెసిడెంటు వైపు నవ్వుతూ. ప్రెసిడెంటు నవ్వలేదు. ఆయనకు మిషను సంగతి అక్కర్లేదు. పూజారితో "నాది మల్లీ చెప్పు. నా ఒక్కనిది. బిన్నా చెప్పు, రాహుకాలం వస్తాది" అన్నాడు.

నా పక్కనున్నావిడ లేచింది. "సామీ, ఆరోగ్యం చెప్పినావా?"

పూజారి పూల పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"నా కొడుకు పేరు చెప్పి ఆపితివి. బాగుండాలని చెప్పినావా లేదా?"

"ఆమెది అయిపాయ కదా, పేరు చెప్పినారు" అన్నాడు ప్రెసిడెంటు. "కూర్చోమనండి."

అయిపోలేదు. పేరు చెప్పి, ఏం కావాలో చెప్పకుండా లేచిపోయిన సంకల్పం అది. పూజారికి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. అయినా పళ్ళెంలో పూలు సర్దుకుంటూ నిలబడ్డాడు. ఆ రోజు వరకూ పిరికితనాన్ని నేను పాపాల్లో లెక్కపెట్టలేదు. అప్పటి నుంచి లెక్కపెడుతున్నాను.

ఆమె కోసం అడిగితే అక్కడ ఒక్కరూ కదలరని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ మొహాల మధ్యే భజనలు చేశాను. అందుకని ఆమె పేరెత్తలేదు. అందరికీ వినపడేటట్టు పూజారినే అడిగాను.

"సామీ, ఫలం ఆఖర్న అందరికీ కలిపి కదా చెప్పేది? మరి ఇప్పుడు ఎవరికీ చెప్పినట్టు కాలేదు. చిన్నాయనది ఒక్కనిదే మల్లీ చెప్తే, తక్కినోళ్ళ సంకల్పమంతా సగంలో వదిలినట్టే కదా?"

పూజారి తలెత్తి, నిజమేనన్నట్టు ఊపాడు. అంతవరకూ తమాషా చూస్తున్న హాలు ఒక్కసారిగా మేలుకుంది.

"అదేందప్పా, మాది గూడా ఆగిపాయనా?" అన్నాడు ఒక బట్టల దుకాణం ఆయన.

"కార్తీకంలో సగం సంకల్పం శానా దోషం" అంది వెనక నుంచి ఒక ముసలామె. "నా మనవరాలి పేరు ఉండాది దాంట్లో."

"మొదటి నుంచి చెప్పు సామీ. అందరిదీ చెప్పు."

"ఆయన ఒక్కనికే గుడి కట్టినామా?"

ఎవరి గోల వాళ్ళది. ఆసుపత్రిలో పడుకున్నవాడి కాలు గురించి ఒక్కరు కూడా అనలేదు. తమ పేరు వెనక ఫలం పడలేదన్న భయం తప్ప ఆ హాలులో ఇంకే భక్తీ కనబడలేదు. అయినా ఆ భయమే పని చేసింది. ప్రెసిడెంటు చుట్టూ చూసి, చివరికి కూర్చున్నాడు.

"సరే చెప్పు. నాది మొదట చెప్పు. కాశ్యపం ఆఖర్న, శానా దూరంగా."

పూజారి మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ప్రెసిడెంటు గోత్రం అందరికన్నా ముందు, టికెట్టు చూడకుండా చెప్పాడు. కాశ్యపం అందరికన్నా చివర వచ్చింది. కాబట్టి ఆమె కొడుకు పేరు తర్వాత ఇంకే పేరూ లేదు. ఆ వెంటనే ఫలం మొదలైంది. దూరంగా పెట్టమన్నాయన, ఆ కుర్రవాణ్ణి ఆరోగ్యానికి అందరికన్నా దగ్గరగా పెట్టించాడు. ఆ మాట రాగానే నేను ఆమె మోచెయ్యి తాకాను. ఆమె కళ్ళు మూసుకుని, చేతులు తల పైకి ఎత్తింది. తీర్థం తీసుకుని, కడప బస్సుకు టైమైందని గబగబా పోయింది.

మర్నాడు సెంటరులో ఓనరు ఆ ప్రోగ్రాం తెరిచి కూర్చున్నాడు. ఒక మాట చేర్చితే చాలని మళ్ళీ చెప్పాను. ఆయన చేర్చలేదు. డిఫాల్ట్ వరుసే కొట్టేశాడు. చివరి కేసు మళ్ళీ చివరిదైంది, బ్రేక్ అవసరం తీరిపోయింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"గోత్రం తెల్వనోళ్ళు?" అన్నాను.

"ప్రెసిడెంటు వొద్దన్నాడమ్మా. దుడ్లు ఇచ్చేది ఆయన. కశ్యపుడు ఇస్తాడా?"

"ఆఫీసరు వస్తే?"

"ఆయనకు చేత్తో రాస్తాం."

నెలాఖరుకు నేను ఆ ఉద్యోగం మానేశాను. మా నాన్న ఎందుకని అడగలేదు. కొట్టు మీది గదిలో పిల్లలకు సాయంత్రాలు శ్లోకాలు నేర్పమన్నాడు.

కార్తీకం పోయాక ఒక సోమవారం గుడి మెట్లెక్కుతుంటే కిటికీ దగ్గర ఆమె మాటలు వినబడ్డాయి.

"అదే పేరప్పా. పోయినసారి ఇచ్చినావు కదా."

"గోత్రం నంబరు లేందే మిషను తీసుకోదమ్మా."

"పోయినసారి ఉండె గోత్రం ఇప్పుడు యాడికి పాయె?"

గుమాస్తా తెర వైపు చూశాడు, ఆ జవాబు అక్కడ రాసి ఉన్నట్టు. లోపల ఎవరిదో అర్చన జరుగుతోంది. వాళ్ళ గోత్రం గట్టిగా, స్పష్టంగా వినబడుతోంది.

ఆమె నన్ను చూసి దగ్గరికి వచ్చింది. "కాలు ఉండాదమ్మా. రెండు వేళ్ళు తీసినారు. కాలు నిలబెట్టినారు. కర్ర పట్టుకోని నడుస్తాండాడు."

దేవుడి దయ అన్నాను. అంతకన్నా నిజమైన మాట నాకు తెలియదు.

మా గదికి రమ్మన్నాను. మా నాన్న కాశ్యప గోత్రమని చెప్పి పూజ చేస్తాడు, టికెట్టు అడగడు అన్నాను.

"వస్తాలేమ్మా ఇంకోసారి. వాన్ని తోడుకోని వస్తా. ఇది మటుకు ఈయనకు మొక్కింది" అని గర్భగుడి వైపు చెయ్యి చూపించింది.

టికెట్టు లేకుండానే ధ్వజస్తంభం దగ్గర కొబ్బరికాయ కొట్టింది. కొడుకు పేరు తనే చెప్పింది, మూడు వీధులకు వినబడేటట్టు. కాశ్యపం కూడా చెప్పింది. ఆ మాట మరిచిపోలేదు. ఒక చెక్క మూటలో పెట్టుకుంది. రెండోది పట్టుకుపోయి కిటికీలో గుమాస్తా ముందు పెట్టింది.

"తీసుకో నాయనా, ప్రసాదం."

వాడు తీసుకున్నాడు. కూర్చున్నచోటి నుంచి లేవకుండా, ఒంటి చేత్తో.